రెండు పేర్ల కాయితం – మా కంప్యూటర్ మాస్టారు

మా అమ్మాయికి కంప్యూటర్ నేర్పిన మాస్టారు మొన్న మంగళవారం పొద్దున్న పోయేరు. అమ్మాయే ఫోన్ చేసింది. "నాన్నా, మన మాస్టారు..." అంటానే ఏడ్చేసింది. మిషను మీంచి కాలు తీసేసి అలా కూర్చుండిపోయేను. చోడవరంలో బట్టలు కుట్టుకునేవాణ్ణి, అయిదో తరగతి చదివినవాణ్ణి. ఆయన గురించి రాయడానికి నేనెంత? అయినా రాయకుండా ఉండలేకపోతన్నాను.

తొంభైల ఆఖర్న మా కొట్టు పైన మేడ మీద మాస్టారు కంప్యూటర్ సెంటర్ పెట్టేరు. ఆ గది బయటే చెప్పులు విప్పాలి. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడైపోతాయట. వేసంగిలో గచ్చు కాలిపోతన్నా మాస్టారూ విప్పేవారు. పిల్లలు తప్పు రాస్తే తప్పనేవారు కాదు. "సగం ఒప్పే, మిగతా సగం చూద్దాం" అనేవారు. "యంత్రానికి తొందర లేదు, మనకే" అనేవారు. డిగ్రీ అయిన మా అమ్మాయిని ఆయన దగ్గర జావాలో చేర్పించేను. జావా అంటే కంప్యూటర్‌కి పని చెప్పే భాషని అప్పుడు నాకు తెలీదు.

మూడు వారాలకి అది ఏడుస్తా కొట్లోకి వచ్చింది.

"రేపట్నుంచి నేనెళ్ళను నాన్నా. నా బుర్రకెక్కదు."

ఇద్దరు స్టూడెంట్ల మార్కులకి ప్రోగ్రాం రాసిందట. ఒకడి మార్కులు మారిస్తే రెండోవాడివీ మారిపోతన్నాయట. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి అది. ఇక్కడ మానేసిందంటే మళ్ళీ ఏదీ మొదలెట్టదు. దాని మొండితనం నాదే కదా!

దాని వెనకే మాస్టారు దిగొచ్చేరు. అదే సమయానికి రావికమతం నుంచొచ్చి నా దగ్గర బట్టలు కుట్టించుకునే అన్నదమ్ముల్లో తమ్ముడు నేను కుట్టిన కొత్త చొక్కా తొడుక్కుని నా మీద కేకలేస్తన్నాడు.

"ఏటి టైలరు బాబూ, ఇది సొక్కా, గోనె సంచా? ఇందులో నాతోపాటు మా అన్నయ్య కూడా పడతాడు!"

సిగ్గుతో చచ్చిపోతా మాస్టారికి సంగతి చెప్పేను. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఒళ్ళని కొలతల పుస్తకంలో ఒకే కాయితం మీద ఇద్దరి పేర్లూ రాసేను. పెళ్ళయ్యేక అన్నకి ఒళ్ళొచ్చింది. పాత ఛాతీ కొలత కొట్టేసి కొత్తది వేసేను. ఆ కాయితం చూసే తమ్ముడి గుడ్డా కత్తిరించేసేను.

మాస్టారు నవ్వేరు చూడండి, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా!

"అమ్మా, ఇలా రా! నీ ప్రోగ్రాంని మీ నాన్న గుడ్డతో కుట్టేసేరు."

నా కొలతల పుస్తకంలో ఖాళీ పేజీ తీసేరు. "పొడుగు, ఛాతీ, భుజం, చెయ్యి. గళ్ళున్నాయి, అంకెల్లేవు. ఏమేం కొలవాలో చెప్పే ఈ నమూనాయే క్లాసు. ఒక మనిషి కోసం ఒక కాయితం తీసి కొలతలు నింపితే అది ఆబ్జెక్టు. నువ్వు ఇద్దరు స్టూడెంట్లని చేసేననుకున్నావు. చేసింది ఒక్క కాయితం, దానికి పెట్టింది రెండు పేర్లు."

మా గుంట ఏడుపు ఠక్కున ఆగింది.

"అయితే రెండోవాడికి వేరే కాయితం తియ్యాలి. ప్రోగ్రాంలో వాడికి కూడా 'న్యూ' అని రాసి కొత్తది చెయ్యాలి. అంతేనా సార్?"

"అంతే! ఇప్పుడు మొత్తం ఒప్పు!"

"మరి నా సొక్కా సంగతేటి?" అన్నాడు తమ్ముడు.

"కాసేపు విప్పకు బాబూ, మా పిల్లలందరికీ చూపించాలి" అని మాస్టారు అతన్ని చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకుపోయేరు. ఆనక అతనికి నేను వేరే చొక్కా కుట్టిచ్చేననుకోండి. నా పొరపాటుకి నేనంత పొంగిపోయిన రోజు ఇంకోటి లేదు. మా అమ్మాయి మర్నాడు పొద్దున్న అందరికంటే ముందే మెట్లెక్కింది.

కోర్సు అయ్యేక కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం దాన్నే చెప్పమన్నారు మాస్టారు. "నా వల్ల కాదు సార్" అంది. "ఏడ్చి నేర్చుకున్నదానివి, నాకంటే బాగా చెప్తావు" అన్నారు. నేను మిషను ఆపేసి మేడెక్కి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. పాఠం అయ్యింది. డౌట్లేమైనా ఉన్నాయా అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. అది బల్ల అంచు పట్టుకుని తల దించేసింది.

ఆఖరి బెంచీలో, కుర్రాళ్ళ మధ్య మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్న మాస్టారు లేచేరు. సుద్ద అంటిన చెయ్యి పైకెత్తి, "మేడమ్, నాకో డౌటు" అన్నారు. మా అమ్మాయి తలెత్తి ఆయన వైపు చూసేదాకా ఆ చెయ్యి దించలేదు.