గోడవార వదిలిన సందు

మేస్త్రీ పెద్దకోడలు బుధవారం పొద్దున్నే బారిడీహ్‌లో నేనుంటున్న మా అమ్మాయి ఇంటికి వచ్చింది. "అత్తా, మావ నిద్దట్లోనే ఎల్లిపోనాడు" అంది. నేను వెంటనే "మీదేటైనా పడిందా? కాలు జారిందా? పక్కన ఎవులూ లేరా?" అని అడిగాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి "ఏటీ పడలేదత్తా, నిద్దట్లోనే" అని మళ్ళీ చెప్పింది. నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు.

భాలుబాసాలో మా పాత వీధివాళ్ళంతా ఆయన్ని మేస్త్రీ అనేవారు. నేను అన్నా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. ఇద్దరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం, ఇంత దూరం హిందీ ఊళ్ళో అదే చుట్టరికం. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు తమ పత్రికకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది మూడో తరగతి. పైగా కోపంలో ఉన్నాను. అయినా రాస్తున్నాను. నేను రాయకపోతే, ఆయన పనిచేసిన గోదాము యజమాని సేఠ్ అన్న మాటే మిగిలిపోతుంది.

ఆయన పోయిన రోజు సేఠ్ దండ పట్టుకుని వచ్చాడు. అందరి ముందూ నిలబడి, అంత చిన్న గోదాములో మా మిస్త్రీ ఒక్క అంగుళం కూడా ఖాళీ వదిలేవాడు కాదు అని హిందీలో మెచ్చుకున్నాడు. అందరూ తలలూపారు. అది అబద్ధం. ఆయన వదిలేవాడు. ఎక్కడ వదలాలో తెలిసినవాడు కాబట్టే ఆయన మేస్త్రీ అయ్యాడు.

ఆ గోదాము మా వీధి చివర ఉండేది. ఒక లారీ లోపల పెడితే తలుపు మూతపడనంత చోటు. మా ఆయన పోయాక నేను అక్కడ చిరిగిన గోనెసంచులు కుట్టే పనికి చేరాను. అప్పటికి లోపల బియ్యం, పప్పులు ఎలా పడితే అలా పడి ఉండేవి. వెనకున్న ఒక్క కందిపప్పు బస్తా కావాలంటే ముందున్న ఇరవై బస్తాలు దింపాల్సి వచ్చేది. మేస్త్రీ వచ్చిన వారంలో లోపలంతా ఖాళీ చేయించాడు. గచ్చు మీద ఇటుకలు, ఇటుకల మీద చెక్కలు పరిచాడు. రోజూ కదిలే సరుకు తలుపు దగ్గర, నెలకోసారి కదిలేది లోపల. ఒక వరస నిలువుగా, పై వరస అడ్డంగా, బస్తాల మూతులన్నీ లోపలికి తిప్పి దొంతరగా నెట్టు కట్టించాడు. కుట్టు విడిపోయినా గింజ కింద పడేది కాదు. ఖాళీ గోనెలు చుట్టలు చుట్టి కప్పు వాసాలకి తాళ్ళతో వేలాడదీశాడు. నా దబ్బనానికీ పురికొస ఉండకీ కూడా తలుపు వెనక ఒక మేకు కొట్టాడు. అదివరకు పట్టని సరుకు అదే గోదాములో పట్టింది. పట్టాక కూడా గోడవార చుట్టూ ఒక సందు మిగిలింది.

ఆ సందుకి కొలత నేను. మొదటి రోజు నన్ను పిలిచి గోడ పక్కన నిలబెట్టి, నా భుజం దాటి నాలుగు వేళ్ళు వదిలి, బొగ్గుతో గచ్చు మీద గీత గీశాడు. "ఇదేటన్నా, నానేటి గజం బద్దనా?" అన్నాను. "ఈ సందులో నువ్వు పడితే నానూ పడతాను, పిల్లీ పడతాది, గాలీ పడతాది. ఖాళీ కూడా సరుకే సెల్లీ. దానికీ సోటియ్యాల" అన్నాడు.

నాది పుట్టుకతో వచ్చిన భయం. పాలు కాగుతుంటే ఇల్లు తగలబడుతుందని భయం, పిల్ల తుమ్మితే జ్వరమని భయం. ఇంట్లో వాళ్ళు విసుక్కునేవారు. ఈయన ఒక్కడే దాన్ని పనిలో పెట్టాడు. రోజూ తాళం వేసే ముందు నన్ను ఆ సందులో చుట్టూ నడవమనేవాడు. "ఏటి సెల్లీ, ఏ పక్క గుండె దడదడలాడతంది?" అని అడిగేవాడు. నేను వేలు చూపించిన చోట బస్తా తీసి చూసేవాడు. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఎలక కన్నం, ఒకసారి ఒరిగిన చెక్క. ఏమీ లేనినాడు కూడా నవ్వలేదు. మళ్ళీ బస్తా సర్ది, "సరే, ఇంటికెల్లు" అనేవాడు.

ఒక ఏడు వానలకి ముందు సరుకు ఎక్కువ వచ్చింది. సేఠ్ వచ్చి సందు చూపించి గోడదాకా నింపమన్నాడు. "ఆ గోడ అవతల మురిక్కాలవుంది సేఠ్‌జీ. వానొత్తే చెమ్మ దిగుద్ది" అని మేస్త్రీ తనకొచ్చిన హిందీలో వాదించాడు. సేఠ్ నావైపు చేయి చూపించి, ఈ డర్‌పోక్, పిరికి ఆడదాని షికారు కోసం నా బస్తాలు రోడ్డు మీద పెట్టాలా అన్నాడు. హమాలీలు పగలబడి నవ్వారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు. "పిన్నికి గోదాములో దెయ్యం కనపడతాది బాబూ" అన్నది మనవాడే. ఇది చదువుతూ ఉంటాడు, చదవనీ.

మేస్త్రీ వాళ్ళని పట్టించుకోలేదు. నన్నే అడిగాడు. "నువ్వు సెప్పు సెల్లీ. మూసీమంటావా?"

పుట్టి బుద్ధెరిగాక భయం లేదని నేను చెప్పింది ఆ ఒక్కసారే. "ఏటవుద్దన్నా, మూసీ" అన్నాను. వాళ్ళ నవ్వుకి సిగ్గేసింది. ఆయన నా మాట మీదే మూయించాడు.

మూడు వారాలు వాన కురిసింది. గోడ వైపు నుంచి ముక్కిన వాసన నాకు వచ్చింది. చెబుదామని రెండుసార్లు దబ్బనం పక్కన పెట్టి లేచాను. మళ్ళీ నవ్వుతారని కూర్చున్నాను. కింది బస్తాలు నాని, కుట్లు పిగిలి, ఒక పొద్దున్న ఆయన లోపల ఉండగానే నెట్టు ఒరిగింది. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. ఉండాల్సిన చోట బస్తాలున్నాయి. ఎడమకాలు మోకాలి కింద నలిగిపోయింది. నెల తిరక్కుండా సేఠ్ ఇంకో మేస్త్రీని పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు ఈయన చంకకర్ర మీద నడిచాడు. అదీ, ఒక్క అంగుళం వదలని గోదాము కథ.

ఆస్పత్రిలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నా మీద కోప్పడింది అప్పుడే. "బయపడినందుకు కాదే, బయం దాసినందుకు నిన్ను కొట్టాల. ఇకమీదట వచ్చి సెప్పు. ఏటేటి బయమో అన్నీ సెప్పు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్ళి చెప్పాను. అల్లుడి డ్యూటీ, మనవరాలి దగ్గు, కప్పు మీద పగులు. మంచం మీద కూర్చుని గోదాములో విన్నట్టే వినేవాడు. కొన్నింటికి "అది సూపించుకో" అనేవాడు. కొన్నింటికి "సరే, ఇంటికెల్లు" అనేవాడు. సేఠ్‌ని మాత్రం నేను క్షమించలేదు. నవ్వినవాళ్ళనీ క్షమించలేదు. నా సంగతి నాకు తెలుసు.

దండ వేసి సేఠ్ ఆ మాట అన్నప్పుడు, ఈసారి నేను ఊరుకోలేదు. "వదిలీవోడు బాబూ. నువ్వే మూయించినావు" అన్నాను. తెలుగులోనే అన్నాను. అర్థమైందో లేదో, దండ సర్ది వెళ్ళిపోయాడు.

ఆయన ఇల్లు ఒకటే గది. అందులో ఎనిమిది మంది ఉంటారు. ట్రంకు పెట్టెలు, మంచం, కుట్టుమిషను, బియ్యం డబ్బా, వాసాలకి వేలాడే పరుపుచుట్టలు. శవాన్ని బయటికి తేవాలంటే సామానంతా ముందు వీధిలో పెట్టాలని మగవాళ్ళు అనుకున్నారు. ఏదీ కదపక్కర్లేకపోయింది. గోడవార వదిలిన సందులోంచి, దేనికీ తగలకుండా, ఆయన్ని తీసుకువెళ్ళారు.

అందరూ వీధిలోకి వెళ్ళాక నేను ఆ సందులో నిలబడ్డాను. ఇక్కడి గచ్చు మీద కూడా బొగ్గుగీత ఉంది, కొత్తగానే ఉంది, ఈ మధ్యే మళ్ళీ దిద్దినట్టున్నాడు. గోడకి ఒక భుజం ఆనించి చూశాను. రెండో పక్క ట్రంకు పెట్టెలకీ నాకూ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.