ఎడమ మూల కిర్రు

మా అమ్మాయిని బడి గేటు దాకా దింపాలని నా కోరిక. గేటుకు చాలా ముందే, పాల బూత్ దగ్గర దిగిపోవాలని తన పట్టుదల. మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్నది మా పికప్ ట్రక్కు బానెట్.

ఢిల్లీ పక్కనే ఉన్న ఇందిరాపురంలో అపార్ట్‌మెంట్లకు మొక్కలూ కుండీలూ సరఫరా చేసే చిన్న వ్యాపారం నాది. అందుకోసం కొన్న సెకండ్ హ్యాండ్ బండి అది. ఇంజను భేషుగ్గా ఉంది గానీ, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా బానెట్ కిర్రుమనేది. మా వైపు స్పీడ్ బ్రేకర్లకేం కొదవ! ఆ చప్పుడుకి తోటి పిల్లలు తలలు తిప్పి చూస్తారని తొమ్మిదో తరగతి పిల్లకు ప్రాణసంకటం. మేం తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల. బూత్ కనబడగానే "నాన్నా, బస్, యహీఁ రోక్ దో" అని అక్కడే బండి ఆపించి దిగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది. నాకు నిజంగానే మనసు చివుక్కుమనేది. సిగ్గు బండిని చూసే గానీ నన్ను చూసి కాదులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

చిన్నప్పుడు కాకినాడలో తలుపు కిర్రుమన్నా, కుట్టు మిషను మొరాయించినా అమ్మ కొబ్బరినూనె చుక్క వేసేది. నేనూ బానెట్‌కి అదే వైద్యం చేశాను. ఢిల్లీ జనవరి చలి సంగతి మరిచిపోయాను. తెల్లారేసరికి నూనె గడ్డకట్టింది. ఫ్లైఓవర్ పనుల దుమ్మంతా వచ్చి దాని మీద కాపురం పెట్టింది. కిర్రు ఇంకా పెరిగింది.

"ఆ నూనేదో మీ నెత్తికి రాసుకోండి, ఉన్న నాలుగు వెంట్రుకలైనా నిలబడతాయి" అంది మా ఆవిడ.

ఆదివారం ఎండ రాగానే సిలికాన్ గ్రీజు కొనుక్కొచ్చి, పార్కింగ్‌లో పని మొదలుపెట్టాను. అమ్మాయి ఫోను చూసుకుంటూ వచ్చి నిలబడింది. మూసిన బానెట్‌ని నేను ఒక్కో మూలా నొక్కుతుంటే, తను చెవి ఆనించి విని, ఎడమ మూల చూపించింది. ఎత్తి చూశాం. బానెట్ ఆనే రబ్బరు బుడిపె గట్టిపడిపోయింది. దానికి ఒరుసుకుని ఒరుసుకుని రేకు మీద రంగు లేచిపోయింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే తుప్పే.

పేరుకున్న నూనే మట్టీ ఇద్దరం గుడ్డలతో తుడిచాం. బుడిపెలకు సిలికాన్ గ్రీజు, కీళ్ళకూ కొక్కేనికీ మామూలు గ్రీజు రాశాం. ఆవకాయ కలిపినట్టు నేను దట్టంగా పట్టిస్తుంటే, తను నా చెయ్యి పట్టుకుని ఆపి, సగం తుడిచేసింది. బానెట్ వేసి ఎడమ మూల నొక్కాను. చప్పుడు లేదు. తన ముక్కు మీద గ్రీజు మరక ఉందని నేను చెప్పలేదు. ముద్దుగా ఉంది.

సోమవారం స్పీడ్ బ్రేకర్లన్నీ కిక్కురుమనకుండా దాటాం. బూత్ దగ్గర అలవాటు కొద్దీ బండి పక్కకు తీశాను. తను దిగలేదు.

"గేట్ తక్ చలో నా" అంది, గేటు దాకా పోనిమ్మని.

గేటు దగ్గర దిగి కూడా లోపలికి వెళ్ళలేదు. స్నేహితురాళ్ళను కేకేసి పిలిచి, ఎడమ మూల నొక్కి చూడమంది. వాళ్ళు వంతులేసుకుని నొక్కారు. ఏమీ వినబడలేదు. ఇది మేమిద్దరం చేసిన రిపేరని హిందీలో గొప్పగా చెప్పుకుంది. ఆ ఇంకొకరెవరని వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది.

స్టీరింగు ముందు కూర్చున్న నన్ను చూపించి, "మేరే నాన్నా" అంది.

బండి తియ్యమని గార్డు విజిల్ ఊదుతూనే ఉన్నాడు. నాకు మాత్రం కదలబుద్ధి కాలేదు.