ఎండలో పెట్టిన స్క్విడ్

ఎనభైల్లో ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్ నుంచి సీతమ్మధార వెళ్లే బస్సులో చేపలమ్ముకునే ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో స్క్విడ్ చేపల బుట్ట ఉంది. ఆమె పళ్లు బిగించి ఉంది.

"అమ్మడానికా?" అన్నాను.

"కాదమ్మా, పగ తీర్సుకోడానికి. మొన్న ఒకావిడ నాకాడ కొని, పొట్టయినా తీయకుండా సాయంత్రం దాకా వంటింటి గట్టు మీద వదిలీసింది. పిల్లకి వాంతులైతే, కుళ్లినవి అమ్మీసినానని నా బుట్ట కాలవలో పారబోసింది. వీధంతా సూసింది."

"ఇప్పుడేం చేస్తావు?"

"సగం సేపలకి పొట్ట తీసి, కడిగి, ఐసులో పెడతాను. మిగతా సగం దాని గుమ్మం ముందే ఎండలో ఉంచుతాను. సాయంత్రం వీధిలో అందరినీ పిలిసి, రెండూ దాని ముక్కు కాడ పెడతాను. నాను అమ్మింది ఏదో, అది పాడుసేసింది ఏదో, అదే సెప్పాల."

అంతకు ముందు నెలలో నేనూ అలాగే కొన్న చేపల్ని మధ్యాహ్నం దాకా వదిలేసి, వాసనొస్తే అవి అమ్మిన, మా వీధికొచ్చే ముసలామెను నానా మాటలూ అని తరిమేశాను.

తర్వాత ఆ ముసలామె కోసం హార్బర్‌లో చాలాసార్లు వెతికాను. ఒకసారి కనిపించింది. ధర అడిగాను.

"నీకు సేపలమ్మను," అని బుట్ట మీద గుడ్డ కప్పేసింది.