సారు చాచిన పార

మా కాలేజీ సేవా శిబిరం నడిపిన సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. తర్లుపాడు దగ్గర ఒక ఊళ్లో మురుక్కాలువలో పూడిక తీయడానికి వారం రోజులు తీసుకెళ్లి, మొదటి రోజంతా మమ్మల్ని ఎండలో ఊరికే నిలబెట్టారు. ఊరివాళ్లు ఒక్కరైనా దిగితేనే పని మొదలన్నారు. అరుగుల మీద కూర్చుని చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి, పార పిడిని వాళ్లవైపు తిప్పి చాచేవారు. ఎంతసేపైనా చెయ్యి దించేవారు కాదు.

"పని చేసేదానికే గదా సారూ మీ పిల్లోళ్లు వచ్చింది? మధ్యలో మేమెందుకు?" అన్నాడొక పెద్దాయన.

"మేం తీసి పోతే మళ్లా పూడిపోతాది పెద్దనాయనా. ఓటేసినావు గదా, దాంతోనే అయిపోలే, ఓటేసినాక నువ్వు చేయాల్సిన పని ఇదే" అన్నారు సారు.

రెండోరోజు మేకలు కాసే అవ్వ ఒకామె పార అందుకుంటే పని మొదలైంది. వారమంతా ఆమె తప్ప ఇంకెవరూ రాలేదు. కాలువ సగమే అయింది. నా సర్టిఫికెట్ మాత్రం పూర్తిగా వచ్చింది.

ఇప్పుడు మార్కాపురంలో మా వీధి కాలువ పొంగి గడపదాకా వచ్చింది. నెల నుంచి ఫోటోలు తీసి మున్సిపల్ ఆఫీసుకు పంపుతూనే ఉన్నాను. ఒక్కడూ రాడేమని నిన్న అరుగు మీద కూర్చుని అరిచాను.

పార మా మెట్ల కిందే ఉంది. పిడి నావైపే తిరిగి ఉంది.