గాలి తీసిన కారులో సఖినేటిపల్లి రేవుకి

ఈ ప్రయాణం గురించి ఇప్పుడే రాయాలి. జూన్‌లో నేను ఉద్యోగంలో చేరిపోతాను. అమ్మను మళ్ళీ బయటికి తీసుకెళ్ళడానికి ఈ వేసవి ఒక్కటే ఉంది. నన్ను ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన కరుణమ్మ టీచరుగారు రాజోలులో ఉద్యోగం విరమించి, మార్చి చివరి శనివారం ఊరు వదిలి వెళ్ళిపోతున్నారని కబురొచ్చింది. పదకొండు గంటల లాంచీలో సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటి, నరసాపురంలో రైలెక్కుతారట. ఆవిడతో ఒక్కమాట చెప్పాలని అమ్మ పట్టుబట్టింది. ఏమిటో నాకు చెప్పలేదు.

కొత్తపేట నుంచి బస్సులో వెళ్తే రాజోలులో మారాలి. ఏళ్ళ తరబడి ఊడ్పుల్లో వంగిన అమ్మ నడుం ఆ కుదుపులకు ఆగదు. అందుకని అరవై రూపాయలకు అంబాసిడర్ కారు మాట్లాడాను. పెట్రోలు మనమే పోయించాలి. కారులో పెట్రోలు ముల్లు పనిచేయదు కానీ, ఆ దారికి ఎంత పడుతుందో డ్రైవరు సత్యంగారికి కచ్చితంగా తెలుసు. వెళ్ళేదారికి సరిగ్గా అంతే పోయించారు. ఏడున్నరకు బయలుదేరబోతూ అమ్మ నడుం సంగతి విని, కిందికి దిగి నాలుగు టైర్లలోనూ గాలి కొంత తీసేశారు. పెళ్ళికూతుళ్ళకీ, పురిటికి పుట్టింటికి వెళ్ళేవాళ్ళకీ ఆయన ఎప్పుడూ చేసే మర్యాదట.

"ఇంక చూడండమ్మగారూ, పరుపు మీద కూర్చున్నట్టుంటదండి," అన్నారు.

గాలి తగ్గిన టైరు రోడ్డుకు ఎక్కువ అణుగుతుందనీ, దాన్ని దొర్లించడానికి ఇంజను ఎక్కువ శ్రమపడాలనీ బి.ఎస్సీ. చదివిన నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ కారెక్కడం అదే మొదటిసారి. "కుదుపే తెలీటం లేదే అమ్మాయ్," అంటూ సీటును అరచేత్తో నిమురుతోంది. ఆ ముఖం చూసి ఊరుకున్నాను.

అంబాజీపేట దాటి గన్నవరం అక్విడక్టు వంతెన మీదికి వచ్చేసరికి కారు ఈడుస్తున్నట్టు తెలిసిపోయింది. అమ్మ టీచరుగారి కోసం తెచ్చిన అరటిగెల బరువేమోనన్నారు సత్యంగారు. గెల దిగదనీ, కావాలంటే తనే దిగి నడుస్తాననీ అమ్మ అంటే ఆయన నవ్వేశారు. పోయించింది చాలుతుందని రాజోలులో బంకు కనబడినా ఆయన ఆగలేదు. పది గంటలకు, మలికిపురం దాటగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పుల్ల ముంచి చూస్తే ట్యాంకులో చుక్క లేదు.

సత్యంగారు ఎవరిదో సైకిలు అడిగి, డబ్బా పట్టుకుని వెనక్కి మలికిపురం బంకుకు వెళ్ళారు. పక్కనే ఉన్న పంక్చర్ల కొట్టాయన వచ్చి టైరు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకు చూడండమ్మా, ఎలా కాలిపోతందో. గాలి లేని సైకిలు తొక్కితే కాళ్ళు పీకెయ్యవాండీ? ఇంజనుకీ అంతేనండి. కాళ్ళకి బదులు పెట్రోలు పోతాది."

తిరిగొచ్చాక సత్యంగారు ఆ మాట విని తల దించుకున్నారు. "ఆయ్, తప్పు నాదేనండి," అన్నారు. తెలిసీ చెప్పనిదాన్ని నేనని అనలేకపోయాను.

గాలి కొట్టించుకుని రేవుకు చేరేసరికి పదకొండూ పది. లాంచీ నడిగోదావరిలో ఉంది. తర్వాతి లాంచీ గంటకు గానీ లేదు, ఆలోగా రైలు వెళ్ళిపోతుంది. అమ్మ నీళ్ళ అంచుదాకా వెళ్ళి నిలబడింది.

"ఎన్నిసార్లు మనింటికొచ్చేరే ఆవిడ. గుమ్మంలోనే నిలబెట్టేసేదాన్ని. లోపలికొచ్చి కూర్చోండని ఒక్కసారీ అనలేదు. కూర్చోబెట్టడానికి ఏవుండేదీ మనకి? అది చెప్పుకుందామనే వచ్చేను."

ఆ ఉదయం నేను ఒక్కమాట అని ఉంటే ఆ కబురు చేరేది. ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. ఇది అచ్చయ్యాక నేనే చదివి వినిపించాలి.

ఈ దారిలో కారు మాట్లాడుకునేవారు బయలుదేరకముందే, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించుకోండి. నడుం నొప్పికి దిండు పెట్టుకోండి గానీ గాలి తీయనివ్వకండి.

టీచరుగారు గుంటూరు వైపు వెళ్ళారన్నారే గానీ, రాజోలులో ఎవరూ ఊరు పేరు చెప్పలేకపోయారు. తెలిసినవారు దయచేసి మే ఇరవయ్యో తేదీలోగా పత్రిక చిరునామాకు ఒక్క కార్డు రాయండి.