పోరంబోకు మైదానం

కోసిన పచ్చిగడ్డి వాసన తగిలితే చాలు, కృపావతి ఆంటీ గొంతు వినిపిస్తుంది. ఈ ఉదయం మా ఊరి మైదానంలో గడ్డి కోస్తుంటే కారు అద్దం దించి ఆగిపోయాను.

మసాచుసెట్స్‌లోని ఈ చిన్న ఊరిని ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు కట్టినప్పుడు, అందరి పశువులూ మేయడానికి నడుమ ఈ మైదానాన్ని విడిచిపెట్టారట. “విడిచిపెట్టడమేమిటి? ఇక్కడి ఆదివాసుల దగ్గర లాక్కున్నదాంట్లో మిగిల్చారు,” అనేవారు ఆంటీ. ఆమె రిటైరైన నర్సు, తెనాలి మనిషి, మా పక్కిల్లు.

కొన్నేళ్ల కిందట ఆ నేలను ఇళ్లు కట్టే కంపెనీకి అమ్ముదామని ఊరి పెద్దలు ప్రతిపాదించారు. ‘వృథాగా పడి ఉంది’ అన్నారు. ఒక మూల గుడికి స్థలమిస్తానని కంపెనీ ఆశపెట్టడంతో ఇక్కడి మనవాళ్లూ సరేనన్నారు. ఆంటీ మాత్రం అమ్మొద్దన్నారు. మా ఇంట్లో భోజనాల దగ్గర నా స్నేహితుడు రమేశ్ ఉండబట్టలేక అనేశాడు:

“మీరు చర్చికి పోతరు కాబట్టే గుడి వద్దంటున్నరు ఆంటీ!”

“మా చర్చి అడిగినా ఇదే చెబుతా నాయనా. అందరి నేల కావాలని ఏ దేవుడూ అడగడు. అడిగేది ఆయన మనుషులే. ఆ పప్పు ఇటివ్వు.”

అమ్మకం సంగతి తేల్చే ఊరి సభకు ఆంటీ నన్నూ రమ్మన్నారు.

“వీసా మీదున్నవాణ్ణి, నాకు ఓటెక్కడిది ఆంటీ?”

“ఓటు లేకపోతే నోరూ లేదా? పద, డ్రైవ్ చెయ్యి.”

కారులో అడిగారు: “ఇలాంటి నేలను మనూళ్లో ఏమంటారు?”

“పోరంబోకు,” అని నవ్వాను.

“ఎందుకా నవ్వు? శిస్తు లేకుండా అందరికీ వదిలిన నేల అది. మందకీ, బాటకీ, శవానికీ అదే దిక్కు. మరి తిట్టెలా అయింది?”

జవాబు నాకు తర్వాత తెలిసింది: దేన్నయినా కాజేయదలచినవాడు ముందు దానికి పనికిమాలినదని ముద్ర వేస్తాడు. నేలకైనా, మనిషికైనా.

ఓటు లేనివాడు మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. ఆంటీ లేచి అడిగారు, ఒప్పుకున్నారు. పోరంబోకు అన్న ఆ ఒక్క మాట కథే చెప్పాను. ఇంకా చాలామంది మాట్లాడారు. చివరికి ఓటర్లు చేతులెత్తి అమ్మకాన్ని తోసిపుచ్చారు.

బయట రమేశ్ ఎదురయ్యాడు. “గుడి పోగొట్టినవ్ గదరా, పోరంబోకు!”

నేను నోరు తెరిచేలోగా ఆంటీ అందుకున్నారు. “అవును, అందరివాడు!”

రమేశ్‌కీ నవ్వాగలేదు. గుడికి వేరేచోట స్థలం కొన్నారు. మొదటి చందా ఆంటీదే.

ఆమె ఇప్పుడు లేరు. ఎవరినైనా, దేన్నయినా వృథా అని కొట్టిపారేస్తే, అది ఎవరికి లాభమని అడగకుండా ఉండలేను.

గడ్డి కోయడం అయింది. రమేశ్ వికెట్లు పాతుతూ చెయ్యి ఊపాడు.

“ఏం జూస్తున్నవ్? రారా పోరంబోకు!”

కారు దిగాను.