సుధాకరరావు పేరు మీద గీత

సింగపూర్‌లోని మా చోవా చూ కాంగ్ తెలుగు సంఘానికి ఎన్నికలు పెట్టాలన్న ఆలోచన సుధాకరరావుది. ఓట్లు లెక్కపెట్టే పని మాత్రం నాకు అంటగట్టారు. ఒకప్పుడు లెక్కల టీచరుగా చేశానట, అందుకని. వీలవుతుందా అని నన్ను అడిగినవాళ్లు లేరు.

సుధాకరరావు మా పై అంతస్తులో ఉంటాడు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని. పదహారేళ్లుగా ఉగాదికి హాలు బుక్ చేసేదీ, కుర్చీలు వేసేదీ, అందరూ వెళ్లిపోయాక అవే కుర్చీలు మడిచేదీ అతనే. కమిటీలో మాత్రం ఎప్పుడూ లేడు. మా దగ్గర కమిటీ అంటే నలుగురు పెద్దమనుషులు ఎవరింట్లోనో బిర్యానీ తింటూ పేర్లు అనుకోవడం. ఆ సమయంలో ఇతను ప్లేట్లు అందిస్తుంటాడు.

2025 ఫిబ్రవరిలో బ్యాంకువాళ్లు అతన్ని శిక్షణకని రెండు వారాలు లీచ్‌టెన్‌స్టైన్ పంపారు. స్విట్జర్లాండ్‌కీ ఆస్ట్రియాకీ మధ్య ఇరుక్కున్న దేశం. జనం నలభై వేలు. మా చోవా చూ కాంగ్‌లోనే అంతకు నాలుగింతలకు పైన ఉంటారు. అయినా వాళ్లకో పార్లమెంటు, అందులో పాతిక సీట్లు. ఎగువ ప్రాంతానికి పదిహేను, దిగువ ప్రాంతానికి పది. అతను అక్కడ ఉండగానే ఎన్నికలు వచ్చాయి.

ఒక సాయంత్రం సహోద్యోగి మార్టినా భోజనానికి పిలిచి, వంటింటి బల్ల మీదే ఓటు వేసిందట. అక్కడ దాదాపు అందరూ ఓటు పోస్టులోనే పంపుతారు. ఒక్కో పార్టీకి ఒక్కో కాగితం, దాని మీద ఆ పార్టీ అభ్యర్థుల పేర్లు. నచ్చిన పార్టీ కాగితం ఒక్కటే తీసుకోవాలి. అందులో అక్కర్లేని పేరు మీద గీత కొట్టి, కావాలంటే అవతలి పార్టీ మనిషి పేరు రాసుకోవచ్చు. మార్టినా ఒకాయన పేరు కొట్టేసింది. ఎవరాయన అని ఇతను అడిగితే, మా పిన్ని అల్లుడు, బాగా తెలిసినవాడు అందట.

తిరిగొచ్చాక సుధాకరరావు ఈ కథ చెప్పని ఇల్లు లేదు. దేశం మొత్తం మీద ఎనిమిది శాతం ఓట్లు రాని పార్టీకి ఒక్క సీటూ దక్కదన్న సంగతి లిఫ్టులో నాకే మూడుసార్లు చెప్పాడు. మూడోసారి లిఫ్టు ఆగాక ఇంకో మాట అన్నాడు.

"ఈసారి నాకు కమిటీలో ఉండాలనుంది ఆంటీ. ఒక్కసారి చాలు. పదహారేళ్లయింది కదా."

ఆ మాట అనడానికి అతను ఎంత సిగ్గుపడ్డాడో చూసి జాలేసింది. నా ఓటు నీకేనయ్యా అన్నాను.

ఈ ఏడాది పాత కమిటీకీ కుర్రకారుకీ పడక, బిర్యానీతో పని జరగలేదు. చివరికి సుధాకరరావు చెప్పిన పద్ధతే పెట్టారు. పది సీట్లు, రెండు జాబితాలు, జాబితాకు పదిమంది. పాత జాబితాలో ఏడో పేరు అతనిది. కాగితం మీద పేర్లు తప్ప ఇంకేం రాసినా ఓటు చెల్లదన్న నియమం కూడా అతనే రాశాడు.

"వై సో కాంప్లికేటెడ్, డాడ్? జస్ట్ వాట్సాప్ పోల్ లా," అంది అతని కూతురు ప్రణవి, సింగపూర్ యాసలో. దాని మాట విని ఉంటే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం కింది హాల్లో ఎనభై నాలుగు కాగితాలు తెరిచాం. గీతలున్న కాగితాన్ని ఎలా లెక్కపెట్టాలో నాకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. అభ్యర్థి నా పక్కన కూర్చోకూడదని ఎవరికీ తట్టలేదు. తట్టినా, అతనే కదా అని ఊరుకున్నారు.

మొదటి కాగితం పాత జాబితాది. ఏడో పేరు మీద గీత. పక్కన అవతలి జాబితాలోని లత పేరు.

"చెల్లుతుంది ఆంటీ. గీత నిండుగా ఉంది," అన్నాడు.

రెండోదాంట్లోనూ ఏడో పేరే. నాలుగోదాంట్లోనూ అదే. పదో కాగితానికి నాకు విషయం అర్థమైంది. మావాళ్లలో ప్రతి ఒక్కరికీ అవతలి జాబితాలో మొహమాటపడాల్సిన మనిషి ఒకరున్నారు. సొంత ఊరివాళ్లో, పిల్లల్ని ట్యూషన్‌కు దింపేవాళ్లో, ఆఫీసులో పైవాళ్లో. ఆ పేరు రాయాలంటే ఇక్కడొకరి పేరు కొట్టాలి. ఎవరిది కొడితే గొడవుండదు? మార్టినా తనకు బాగా తెలిసినవాణ్ని కొట్టింది. మావాళ్లు మంచివాణ్ని వెతికి మరీ కొట్టారు.

ఊరికే కొట్టినా బాగుండేది. గీత పక్కన "ఏమీ అనుకోవద్దు సుధాకర్ గారూ" అని ఒకరు, "సారీ అన్నా, మీరైతే అర్థం చేసుకుంటారు" అని ఇంకొకరు రాశారు. నియమం ప్రకారం అవి చెల్లవు.

"పక్కన పెట్టనా?" అని అడిగాను.

"వద్దాంటీ. మర్యాదకి రాశారు. వాళ్ల ఓటు పాడవకూడదు."

అలాంటివి పందొమ్మిది వచ్చాయి. పందొమ్మిదీ చెల్లాయి. మధ్యలో నా కాగితం కూడా వచ్చింది. నేనూ ఏడో పేరే కొట్టాను. లిఫ్టులో ఇచ్చిన మాట గుర్తుండే కొట్టాను. లత నన్ను ప్రతి నెలా ఆసుపత్రికి తీసుకెళ్తుంది మరి. "చెల్లుతుంది," అన్నాడు. నేను తలెత్తలేదు.

ఆఖరి కాగితం తెరిచేసరికి అతను ఇరవైమందిలో ఇరవయ్యో స్థానంలో ఉన్నాడు. ఆ ఒక్క ఓటు ఎటు పడినా మారేదేం లేదు. అందులోనూ ఏడో పేరు మీద సన్నటి గీత, పక్కన లత పేరు. కింద రెండు ముక్కలు: "ఏవండీ, ఏమీ అనుకోకండి. వచ్చేటప్పుడు పెరుగు తీసుకురండి."

అతని భార్య అరుంధతి. ప్రణవీ, లత కూతురూ లత కారులోనే ట్యూషన్‌కు వెళ్తారు. సుధాకరరావు ఆ కాగితాన్ని కట్టలో పెట్టకుండా నా వైపు జరిపాడు.

"ఇది చెల్లదు ఆంటీ."

"ఇదే మాట రాసినవి పందొమ్మిది చెల్లాయి కదయ్యా."

"వాళ్లు రాస్తే నేనేమీ అనుకోలేదు," అన్నాడు. "తను రాస్తే అనుకున్నాను."

కాగితం పక్కన పెట్టాను. చెల్లిన కట్టలోంచి నాది కూడా తీసి దాని మీద పెడదామనిపించింది. అంత ధైర్యం లేకపోయింది.

ఫలితాలు చదివాక ఇద్దరం కలిసి బయటికి వచ్చాం. దారిలో సూపర్‌మార్కెట్ తెరిచే ఉంది. అద్దంలోంచి పెరుగు డబ్బాలు వరసగా కనిపిస్తున్నాయి. అతను ఆగలేదు.